ల్యాప్‌టాపా, ట్యాబా, హైబ్రిడ్డా: కొనబోయే అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ప్రశ్న చూశాను. క్లాసులో నోట్సు చేత్తో రాసుకోవాలి, గుట్టలకొద్దీ పీడీఎఫ్‌లు చదవాలి, నెలనెలా ఎక్సెల్ పట్టికలతో రిపోర్టు ఇవ్వాలి, అదంతా రోజూ భుజాన మోయాలి అన్నావు. తేలికపాటి ల్యాప్‌టాప్ తీసుకోవాలా, ట్యాబ్ చాలా, స్క్రీన్ ఊడదీసుకునే హైబ్రిడ్ మేలా అని అడిగావు. ఏది గొప్పదన్న ప్రశ్నకు ఇక్కడ అర్థం లేదు. నువ్వు ఎక్కడ కూర్చుని, చేతులతో ఏం చేస్తూ పనిచేస్తావన్నదే తేల్చాలి.

అందుకని ప్రాసెసర్ల గొడవలోకి పోకముందు ఒక వారం పాటు చిన్న పద్దు రాయి. రోజూ ఎంతసేపు టైప్ చేశావు, ఎంతసేపు చదివావు, ఎంతసేపు పెన్ను పట్టావు. ఆ సమయంలో బల్ల ముందున్నావా, ఒళ్లో పెట్టుకున్నావా, నిలబడి ఉన్నావా. రోజుకు గంటన్నర పైగా టైప్ చేసేవాళ్లకి ట్యాబ్ ఒక్కటే సరిపోదు. పెన్ను రోజుకు అరగంట కూడా పట్టనివాళ్లకి హైబ్రిడ్ దండగ. మోజుపడి కొన్న హైబ్రిడ్లు చాలావరకు కొన్ని నెలలకే మామూలు ల్యాప్‌టాపులైపోతాయి; ఊడదీసే కీబోర్డును ఎవరూ ఊడదీయరు.

బరువు దగ్గర లెక్క తప్పేవాళ్లు ఎక్కువ. ప్రకటనలో వేసేది వట్టి స్క్రీన్ బరువు. 11 అంగుళాల ట్యాబ్ 450 నుంచి 500 గ్రాములుంటుంది, నిజమే. దానికి ట్రాక్‌ప్యాడ్ ఉన్న గట్టి కీబోర్డు కవరు తగిలిస్తే దాదాపు అంత బరువూ మళ్లీ పడుతుంది. 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రోకి మ్యాజిక్ కీబోర్డు జోడిస్తే 1.3 కేజీలు దాటుతుంది. ఎం2 చిప్పుతో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ మొత్తం కలిపి 1.24 కేజీలే. సర్ఫేస్ ప్రో 9 లాంటి ఊడదీసే హైబ్రిడ్ స్క్రీన్ ఒక్కటే 880 గ్రాములు, కీబోర్డుతో 1.2 కేజీల దరిదాపు. మడత కీలు 360 డిగ్రీలు తిరిగే రకం 1.3 నుంచి 1.5 కేజీల మధ్య ఉంటుంది. ఛార్జరునీ లెక్కలో వేసుకో: 65 వాట్ల గాలియం నైట్రైడ్ (కొత్తరకం చిన్న) ఛార్జరు 150 గ్రాముల లోపే, పాత ఇటుకలాంటిదైతే 300 గ్రాములు.

చేత్తో పట్టుకుని చదివే బరువు వేరే సంగతి. అర కేజీని ఒంటిచేత్తో పావుగంట పట్టుకోవచ్చు. 880 గ్రాములకు మోకాలో, దిండో ఆసరా కావాలి. కీబోర్డును వెనక్కి మడిచిన 1.4 కేజీల ల్యాప్‌టాప్‌ను ట్యాబ్ అనడం అమ్మేవాళ్ల సరదా.

ఇక ఒళ్లో పెట్టుకునే సంగతి. ఊడదీసే హైబ్రిడ్‌లో బరువంతా స్క్రీన్‌లోనే ఉంటుంది, కీబోర్డు పల్చటి రేకు. స్క్రీన్ వెనకుండే ఆసరా కాలు చాపి నిలబెట్టాలి కాబట్టి ముందునుంచి వెనక్కి 28–30 సెంటీమీటర్ల చోటు పడుతుంది. మామూలు 13 అంగుళాల ల్యాప్‌టాప్‌కి 21–22 చాలు. పొట్టి తొడలమీద ఆ కాలు జారుతుంది, లేదా అంచు గుచ్చుకుంటుంది. మీ క్లాసులో కుర్చీకి తగిలించిన చిన్న పలక ఉంటే దాన్ని స్కేలుతో కొలువు. 28 కంటే తక్కువ ఉంటే ఊడదీసే రకాన్ని అక్కడితో మర్చిపో. 360 డిగ్రీల రకానికి ఈ ఇబ్బంది లేదు గానీ, టచ్ చేసినప్పుడల్లా స్క్రీన్ ఊగే మోడళ్లున్నాయి. కొట్లో వేలితో నాలుగుసార్లు తట్టి చూడు.

ట్యాబ్ విషయంలో అందరూ బోల్తా పడేది సాఫ్ట్‌వేర్ దగ్గర. ఎక్సెల్ అక్కడా ఉంటుంది, పట్టికలు తెరుచుకుంటాయి, చిన్న మార్పులు హాయిగా చేయొచ్చు. కానీ ఐప్యాడ్‌లో గాని, ఆండ్రాయిడ్‌లో గాని మ్యాక్రోలు, అంటే పట్టికలో పనులు వాటంతటవే జరిగేలా రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములు, నడవవు. మీ విభాగం ఇచ్చే రిపోర్టు ఫైలు పేరు చివర ‘ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్’ అని ఉందేమో చూడు. ఉంటే మ్యాక్రోలున్నట్టే, ట్యాబ్ ఒక్కదాంతో గడవదు. ఇంకో మెలిక: 10.1 అంగుళాలకు మించిన స్క్రీన్ మీద మైక్రోసాఫ్ట్ వర్డ్, ఎక్సెల్ యాప్‌లలో ఎడిట్ చేయాలంటే చందా కట్టాలి. తెలుగులో రాసేదుంటే, బయటి కీబోర్డు తగిలించాక నీకు అలవాటైన తెలుగు లేఔట్ వస్తుందో రాదో కొనేముందే చూసుకో. తెరమీది కీబోర్డులో వచ్చినంత మాత్రాన దాంట్లో వస్తుందని నమ్మకం లేదు.

పెన్ను గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నీ నోట్సంతా దానిమీదే నడుస్తుంది గనక. రబ్బరు మొన ఉండే చవక స్టైలస్ వేలికి బదులు మాత్రమే. అరచెయ్యి ఆనిస్తే పిచ్చి గీతలు పడతాయి. నీకు కావాల్సింది యాక్టివ్ పెన్, అంటే తెర తనను వేలినుంచి వేరుగా గుర్తుపట్టే పెన్ను. ఇవి చాలావరకు ఒకదానిది ఒకదానికి పనిచేయవు. ఆపిల్ పెన్సిల్ ఐప్యాడ్‌కే, అందులోనూ ఏ మోడల్‌కి ఏ పెన్సిలో ముందే చూసుకోవాలి. యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కి ఒత్తిడి గుర్తించే గుణం లేదు. నోట్సుకి పర్లేదు, బొమ్మలకి పనికిరాదు. శామ్‌సంగ్ ఎస్ పెన్ వాకామ్ అనే పెన్నుల కంపెనీ పద్ధతిది, రాయడానికి దానికి బ్యాటరీ అక్కర్లేదు. విండోస్ హైబ్రిడ్లలో ఎక్కువగా మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్, వాకామ్ ఏఈఎస్ అనే రెండు పద్ధతుల్లో ఒకదాని పెన్ను ఉంటుంది. పెట్టెలో పెన్ను వస్తుందా, విడిగా కొనాలా అన్నది కూడా అడుగు.

పరీక్ష ఇలా చెయ్యి. తెరమీద స్కేలు ఏటవాలుగా ఆనించి, దాని వెంట చాలా నెమ్మదిగా గీత గియ్యి. మంచి పెన్నుకి తిన్నగా వస్తుంది. నాసిరకానికి గీత పాము నడకలా వంకరలు పోతుంది. ఆ వంకర చిన్న అక్షరాల్లో వత్తులు, గుణింతాల దగ్గర చికాకు పెడుతుంది. తర్వాత అరచెయ్యి పూర్తిగా ఆనించి మూడు లైన్లు వేగంగా రాయి, సిరా మొన వెనక ఎంత ఆలస్యంగా వస్తుందో చూడు. గరుకు ఫిల్మ్ అతికిస్తే కాగితం మీద రాసినట్టుంటుంది గానీ పెన్ను మొన తొందరగా అరుగుతుంది, తెర తేటదనం కొంచెం తగ్గుతుంది.

పీడీఎఫ్ చదవడానికి స్క్రీన్ అంగుళాలకంటే దాని ఆకారం, అంటే పొడవు వెడల్పుల నిష్పత్తి, ముఖ్యం. ఏ4 పేజీని నిలువుగా పెడితే, 4:3 ఆకారపు 11 అంగుళాల ట్యాబ్‌లో అసలు పరిమాణంలో 75 శాతంగా కనిపిస్తుంది; అదే 16:10 అయితే 70 శాతమే. 13 అంగుళాల 3:2 హైబ్రిడ్‌లో 87 శాతం దాకా వస్తుంది. రెండు కాలమ్‌ల పరిశోధన పత్రాలు, చిన్న ఫుట్‌నోట్లు ఉన్నవి ఎక్కువ చదివితే ఈ తేడా కళ్లకి తెలుస్తుంది. కిటికీ పక్కన కూర్చునేదానివైతే 400 నిట్స్ (తెర వెలుతురు కొలత) తగ్గని తెర చూసుకో. 300 నిట్స్ గదిలోకి చాలు. టచ్ తెరలన్నీ దాదాపు మెరిసే రకమే, దీపాలు ప్రతిఫలిస్తాయి.

లోపలి సరుకు సంగతి. పల్చటి యంత్రాల్లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేం. విండోస్‌కి 16 జీబీ తీసుకో. 8 జీబీలో గ్రాఫిక్స్ కొంత తినేశాక బ్రౌజర్, ఎక్సెల్, వీడియో కాల్ కలిసేసరికి ఆయాసపడుతుంది. స్టోరేజీ 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. చవక హైబ్రిడ్లలో 64 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ (నెమ్మదైన చవక రకం స్టోరేజీ) అని రాసి ఉంటే ఆ వైపు చూడకు: విండోస్ 11 కోరే కనీస స్టోరేజీయే 64 జీబీ, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు చోటు చాలక ఆగిపోతుంది. విండోస్ ‘ఎస్ మోడ్’లో ఉంటే స్టోర్ యాప్‌లే పడతాయి, ఉచితంగానే అందులోంచి బయటికి రావచ్చు, మళ్లీ లోపలికి పోలేవు.

స్నాప్‌డ్రాగన్ చిప్పున్న విండోస్ యంత్రాలు 2024 నుంచి బాగా వస్తున్నాయి. బ్యాటరీ ఆగుతుంది, వేడి తక్కువ. ఇంటెల్ రకం చిప్పుల కోసం రాసిన మామూలు ప్రోగ్రాముల్ని విండోస్ అప్పటికప్పుడు అనువదించి నడిపేస్తుంది. పరికరాల్ని కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్లకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. పాత ప్రింటరు, స్కానరు, ల్యాబ్ పరికరం, డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్, పరీక్షల్లో కంప్యూటర్‌ను లాక్ చేసే సాఫ్ట్‌వేర్: వీటిలో ఏది వాడేదున్నా ఏఆర్‌ఎమ్ (స్నాప్‌డ్రాగన్ తరహా చిప్పుల) వెర్షన్ ఉందో లేదో కనుక్కున్నాకే కొను.

ఫ్యాన్ లేని యంత్రం నిశ్శబ్దంగా ఉంటుంది, రాతకోతలకి అదే సుఖం. పెద్ద వీడియో ఎగుమతి చేస్తే కొన్ని నిమిషాలకే వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

బ్యాటరీకి కంపెనీ చెప్పే గంటలు వదిలేసి వాట్-అవర్లు, అంటే అందులో ఎంత కరెంటు పడుతుందన్న కొలత, చూడు. ఆఫీసు పనికి తేలిక ల్యాప్‌టాప్ సగటున 6–8 వాట్లు లాగుతుంది. 55 వాట్-అవర్ల బ్యాటరీని 7తో భాగిస్తే దాదాపు 8 గంటలు, వెలుతురు పెంచితే ఇంకా తక్కువ. ప్రకటనలోని గంటలు సాధారణంగా మసక తెరమీద వీడియో ఆడించి కొలిచినవి. రోజంతా గోడకి తగిలించి వాడేటప్పుడు 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. ట్యాబుల్లో, చాలా హైబ్రిడ్లలో బ్యాటరీ జిగురుతో అతికి ఉంటుంది. ఉబ్బితే అద్దమే పైకి లేస్తుంది, మార్చాలంటే ముందు ఆ అద్దం వేడిచేసి ఊడదీయాలి. ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా వెనక మూత స్క్రూలు తీస్తే చాలు. మరమ్మతు సులువులో తేలిక ల్యాప్‌టాప్‌దే పైచెయ్యి.

పోర్టు ఆకారం ఒకటే అయినంత మాత్రాన వేగం ఒకటి కాదు: 10వ తరం ఐప్యాడ్‌లో టైప్-సీ ఉన్నా డేటా వెళ్లేది పాత యూఎస్‌బీ 2 వేగంతోనే. బయట మ్యాపు మీద ఆధారపడేదుంటే, వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదని గుర్తుంచుకో.

ఇక నీ సంగతి. రిపోర్టు ఫైల్లో మ్యాక్రోలుండి, ఇంట్లోగానీ విభాగంలోగానీ వేరే కంప్యూటర్ లేకపోతే ట్యాబ్ పక్కన పెట్టెయ్. నీ వారం పద్దులో మూడోవంతుకు పైగా పెన్ను పనే కనిపించి, క్లాసు పలక 30 సెంటీమీటర్లుంటే 13 అంగుళాల 3:2 ఊడదీసే హైబ్రిడ్ తీసుకో. పెన్ను అంతకంటే తక్కువైతే 1.25 కేజీల లోపు ల్యాప్‌టాప్ కొని, నోట్సు కాగితం మీదే రాసి ఫోన్‌తో స్కాన్ చెయ్యి. నామోషీ ఏమీ లేదు, పని జరుగుతుంది. విభాగంలో పెద్ద కంప్యూటర్ రోజూ దొరికేటట్టయితే మాత్రం 11 అంగుళాల ట్యాబ్, యాక్టివ్ పెన్, ఒక చిన్న బ్లూటూత్ కీబోర్డు. మూడు దారుల్లో మోత తక్కువ అదే.

కొన్నాక వాపసు గడువు లోపల ఇవి చూడు. తెర మొత్తం తెల్లగా, తర్వాత నల్లగా పెట్టి పాడైన చుక్కలు వెతుకు. ఉన్న అన్ని టైప్-సీ పోర్టుల్లోనూ ఛార్జింగ్ ఎక్కుతుందా చూడు. కీబోర్డును పదిసార్లు ఊడదీసి పెట్టు, ఒక్కసారి గుర్తించకపోయినా మార్పించు. రాత్రి ఛార్జింగ్ శాతం రాసుకుని, మూత మూసి వదిలెయ్. పొద్దున్నకి ఐదారు శాతం పోవచ్చు, ఇరవై పోయినా, బ్యాగులో వేడెక్కినా స్లీప్ తేడాగా ఉన్నట్టు. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా (పని దాచుకుని పూర్తిగా ఆగిపోయేలా) మార్చి మర్నాడు మళ్లీ చూడు, అప్పటికీ అలాగే ఉంటే తిరిగిచ్చెయ్. స్క్రీన్ గార్డు, స్టిక్కర్లు ఇవన్నీ అయ్యాకే అతికించు, అంతదాకా పెట్టె, లోపలి కవర్లు చింపకుండా దాచు.

ఆశీస్సులతో,
పెదనాన్న