స్టైపెండ్ తక్కువని అప్రెంటిస్ మానేయాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఫిట్టర్ రెండేళ్లు చదివి పాసయ్యాడు. తెలిసిన కాంట్రాక్టరు రేపే పనిలోకి రమ్మంటున్నాడు. వీడేమో అప్రెంటిస్‌కి వెళ్తానని పట్టు. అక్కడ వచ్చేది కాంట్రాక్టరు ఇస్తానన్నదాంట్లో సగమే. ఇంట్లో అప్పులున్నాయి. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: అమ్మా, కుదిరితే వాడి మాటే విను. ఈ ముక్క చెప్పడానికి నాకు కాస్త సిగ్గే. 1986లో నాలుగు నెలలకే అప్రెంటిస్ వదిలేసి ఓ కాంట్రాక్టరు వెంట షట్‌డౌన్ పనికి, అంటే ఫ్యాక్టరీ ఆపి చేసే మరమ్మతులకి, వెళ్లినవాణ్ణి నేను. చేతినిండా డబ్బని మురిశాను. ఆరు వారాల్లో షట్‌డౌన్ అయిపోయింది, పనీ అయిపోయింది. చివరి పదిహేను రోజుల కూలి నేటికీ రాలేదు! మరుసటి ఏడాది మళ్లీ మొదటినుంచి అప్రెంటిస్ చేసి, ఆ తర్వాతే ఇన్‌స్ట్రక్టర్‌నయ్యాను.

ఐటీఐలో మీవాడు ఇనప ముక్కను ఆకురాయితో రుద్ది, మూల సరిగ్గా ఉందో చూసే ట్రైస్క్వేర్ ఆనించి వెలుగుకెత్తి చూసే ఉంటాడు. సందులోంచి వెలుతురు సన్నగా కనబడితే మళ్లీ రుద్దాల్సిందే. అక్కడ ముక్క పాడైతే ఇంకో ముక్క. ఫ్యాక్టరీలో నడుస్తున్న పంపుని మోటారుతో కలిపే కప్లింగ్ ఒకే వరుసలో లేక అలైన్‌మెంట్ తప్పితే బేరింగ్ పోతుంది, లైను ఆగుతుంది. ఆ భయం సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. కాంట్రాక్టరు దగ్గర మొదటి ఏడాదంతా బోల్టులు బిగించడం, సామాన్లు మోయడంతోనే గడిచిపోవచ్చు.

ఐటీఐ పాసైన ఫిట్టరుకి అప్రెంటిస్ సాధారణంగా ఏడాదే. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రిజిస్టరు చేస్తారో లేదో చేరేముందే అడగండి. అది లేకుండా 'ట్రైనీ' అని పిలిస్తే వెళ్లొద్దు. ఆఖర్న పరీక్ష రాసి పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. అయితే అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, ఆ ఆశ పెట్టుకోకండి. రైల్వేలో అప్రెంటిస్ చేసినవాళ్లకి మాత్రం రైల్వే లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల భర్తీలో 20 శాతం కోటా ఉంది. పరీక్ష మాత్రం తప్పదు.

ఇక అప్పుల సంగతి. ఈ ఏడాది వడ్డీ కట్టుకుంటూ నెట్టుకురాలేరంటే అది వేరే లెక్క, తప్పుపట్టను. కాంట్రాక్టరు దగ్గరికే పంపండి. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు ఇస్తాడా అని మీరే వెళ్లి అడగండి. వాణ్ణి అడగమంటే మొహమాటపడతాడు.