కౌలు అనే మాట మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

"కౌలు తెలుగు మాటేనా? పొలానికి కట్టే అద్దెనే కౌలు అంటారా?" అని అడిగారు. మాది కృష్ణా డెల్టా. మా నాన్నగారు సెంటు సొంత భూమి లేకుండా జీవితమంతా కౌలు సేద్యమే చేశారు. అందుకే రాస్తున్నాను.

మాట అరబ్బీది. అక్కడ ఖౌల్ అంటే నోటితో పలికిన మాట, ఇచ్చిన మాట. ఖవ్వాలీ పేరు కూడా దీన్నుంచే వచ్చింది. ఈ ఖౌల్ ఫార్సీ మీదుగా దక్కన్ సుల్తానుల సర్కారు కార్యాలయాలకు చేరి, రైతు, దస్తావేజు లాంటి మాటలతో పాటు మన ఊళ్ళలోకి దిగింది. మరాఠీలోనూ ఉంది. ఆ రోజుల్లో కౌలునామా అంటే సర్కారు తరఫున సాగుదారుకు రాసిచ్చే హామీ. యుద్ధానికో కరువుకో ఊరు పాడుబడితే, వచ్చి బీడు దున్నేవాళ్ళకు మొదటి కొన్నేళ్ళు తక్కువ శిస్తు, ఆపైన ఏటా కొంత పెంపు అని అందులో ఉండేది. మాట ఇచ్చేది పైవాళ్ళు, కాగితం చేతికొచ్చేది దున్నేవాడికి.

మా ఊళ్ళో నేను చూసింది దీనికి పూర్తిగా తిరగబడిన వ్యవహారం. ఉగాది దాటాక ఆసామి, అంటే భూమి యజమాని, అరుగు మీద కూర్చుని ఎకరాకు ఇన్ని బస్తాలని ఒప్పుకునేవారు. బస్తా అంటే 75 కిలోలు. కాగితం ఉండదు. సార్వా (వానాకాలం) వరి నూర్చగానే ముందు ఆయన బస్తాలు కళ్ళంలోనే పక్కకు పెట్టాలి. వరి తర్వాత చల్లే మినుము మాత్రం మాది, ఇంట్లో నాలుగు డబ్బులు కనపడేది దానితోనే.

సగపాలుకు, అంటే పంటను చెరిసగం పంచుకునేలా, చేస్తే పంట పోయినప్పుడు నష్టం ఇద్దరిదీ. కౌలులో అలా కాదు, తుఫానొచ్చి చేను పడిపోయినా బస్తాలు బస్తాలే. ఒక ఏడు అలాగే పడిపోతే నష్టపరిహారం పాసుపుస్తకంలో పేరున్న ఆసామికి వెళ్ళింది, అప్పు నాన్న నెత్తిన మిగిలింది. అది అన్యాయమని ఇప్పటికీ నా అభిప్రాయం.

తెలంగాణలో 1950 చట్టం రక్షిత కౌలుదారులకు, అంటే ఏళ్ళుగా అదే భూమి కౌలుకు చేస్తూ ఆ పేరుతో నమోదైన వాళ్ళకు, గట్టి హక్కులిచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టంతో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం 11 నెలల ఒప్పందంతో సాగు హక్కు పత్రం ఇమ్మంది, కానీ దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందని చాలామంది భయం. భూమి మీద యాజమాన్య హక్కు ఆ పత్రంతో రాదని చట్టంలోనే ఉంది. మీ ఇంట్లో ఎవరైనా పొలం కౌలుకు ఇస్తూ ఉంటే, ఆ సంగతి చెప్పి సంతకం పెట్టించండి.