క్రొమాటిన్ పరిశోధనా, ఆరు నెలల డేటా కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. క్రొమాటిన్ మార్పులు జన్యువులను ఎలా నియంత్రిస్తాయో పరిశోధిస్తానంటోంది. దానికన్నా జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించడం నేర్పే ఆరు నెలల బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సు నయం కదా? పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: ఏళ్లు గడిచాక చేతికేమీ రాకపోతే ఎలా అన్నదే మీ భయం. ఆ భయం సహజమే. కానీ ఆమె చదవాలనుకుంటున్నది ఏమిటో ఆమెనే ఒక్కసారి అడిగారా? ఉత్తరం చూస్తే అడిగినట్టు లేదు. అడగకుండానే దారి మార్చాలనుకోవడం తప్పండీ.

అడిగితే ఇలా చెప్పేది: డీఎన్ఏ, ప్రొటీన్లు కలిసి ఉండే పదార్థమే క్రొమాటిన్. అందులో 147 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జతల) డీఎన్ఏ ఎనిమిది హిస్టోన్ ప్రొటీన్ల ముద్ద చుట్టూ చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్ తోకలోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు తగిలితే లైసిన్ ధనావేశం పోతుంది, డీఎన్ఏ మీద పట్టు సడలుతుంది, జన్యువును చదివే యంత్రాంగానికి చోటు దొరుకుతుంది. ఆ ఎసిటైల్‌ను తొలగించే ఎంజైములను అడ్డుకునే వోరినోస్టాట్ అనే మందుకు 2006లోనే అమెరికాలో చర్మపు టి-కణ లింఫోమా అనే క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. అంటే ఇది పుస్తకాల్లో ఉండిపోయే చదువు కాదు.

ఇక మీరు మెచ్చిన కోర్సు మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. డేటా ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే అది ల్యాబ్‌లో ఎలా పుట్టిందో తెలియాలి. హెచ్3 అనే హిస్టోన్‌లో 9వ, 27వ స్థానాల్లోని లైసిన్ల చుట్టూ ఉండే వరుస ఒకటే: అలనిన్, ఆర్జినిన్, లైసిన్, సెరీన్. అందుకే 27 మీది ట్రైమీథైల్ అనే రసాయన గుర్తు కోసం వాడిన యాంటీబాడీ (ఆ గుర్తును వెతికి పట్టే ప్రొటీన్) 9 మీదిదాన్నీ పట్టుకోవచ్చు. రెండూ జన్యువును అణిచే గుర్తులే, కానీ 27 మీదిది పాలీకోంబ్ అనే ప్రొటీన్ల దారి, 9 మీదిది హెచ్‌పీ1 అనే ప్రొటీన్ దారి. కంప్యూటర్ తెర మీద ఆ గుర్తులను చూపే శిఖరాలు మాత్రం చక్కగా కనిపిస్తాయి. గుర్తున్న డీఎన్ఏ ముక్కలను యాంటీబాడీతో పట్టి వాటి వరుసను చదివే చిప్-సీక్ పద్ధతిలో, ప్రొటీన్లు డీఎన్ఏకు అతుక్కుని ఉండేలా కణాలను 1 శాతం ఫార్మాల్డిహైడ్‌లో సాధారణంగా 10 నిమిషాలు ఉంచి, గ్లైసిన్‌తో ఆపుతారు. ఎక్కువసేపు ఉంచితే డీఎన్ఏ 200–500 బేస్ జతల ముక్కలుగా తెగదు, యాంటీబాడీ పట్టే చోటూ మూసుకుపోతుంది. ఆ నమూనా ఎక్కడ చెడిందో ల్యాబ్‌లో చేతులు పెట్టినవాళ్లకే త్వరగా తడుతుంది.

డేటా వద్దనడం లేదు. ఎమ్మెస్సీలో చేరి, ప్రాజెక్టుకు చిప్-సీక్ చేసే ల్యాబ్‌ను ఎంచుకోమనండి. డేటా విశ్లేషణకు వాడే లినక్స్, ఆర్ అక్కడి సొంత నమూనాల మీదే నేర్చుకోవచ్చు. చేరేముందు రెండు విషయాలు అడగాలి: యాంటీబాడీని ఎలా పరీక్షిస్తారు, విశ్లేషణ విద్యార్థితోనే చేయిస్తారా? పీహెచ్‌డీ మాట ఆ ప్రాజెక్టు పూర్తయ్యాక చూసుకోవచ్చు. ఈలోపు కంగారు పడకండి, రెండు పనులూ తెలిసిన మనిషికి ఆ రెండు తలుపులూ తెరిచే ఉంటాయి.