యూటా మార్మన్ స్త్రీలకు 1870లోనే ఓటు హక్కు ఉండేదా?

ఉండేది. మార్మన్లంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు. 1870 ఫిబ్రవరి 12న యూటా టెరిటరీ (అప్పటికి ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) శాసనసభ స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది, రెండు రోజులకే సాల్ట్ లేక్ సిటీ ఎన్నికల్లో సెరాఫ్ యంగ్ అనే యువ టీచర్ ఓటు వేసింది. అమెరికా అంతటా స్త్రీల ఓటుకు రాజ్యాంగ రక్షణ వచ్చింది 1920లో.

యూటాలో అంత ముందుగా ఇవ్వడానికి కారణం మార్మన్లలో ఉన్న బహుభార్యత్వం. ఓటు చేతికిస్తే ఈ స్త్రీలే ఆ పద్ధతిని ఓడిస్తారని తూర్పు రాష్ట్రాల్లో కొందరు లెక్కవేశారు. మా ఆడవాళ్లు బానిసలు కారని చూపించుకోవాలని మార్మన్ చర్చి పెద్దలు అనుకున్నారు. తీరా చూస్తే స్త్రీలు చర్చి వైపే నిలిచారు. దాంతో 1887లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) బహుభార్యత్వాన్ని అణచే ఎడ్మండ్స్-టక్కర్ చట్టం తెచ్చి ఆ ఓటును లాగేసుకుంది. 1896లో యూటా రాష్ట్రం అయ్యాకే అది తిరిగొచ్చింది.

మార్తా హ్యూజ్ కానన్‌నే తీసుకోండి. చిన్నప్పుడే వేల్స్ నుంచి వచ్చింది, మిషిగన్‌లో డాక్టరీ చదివింది, ఆంగస్ కానన్‌కు నాలుగో భార్య అయింది. 1896 చివర్లో రాష్ట్ర సెనేట్‌కు డెమోక్రాట్‌గా గెలిచింది. ఓడిన రిపబ్లికన్ అభ్యర్థుల్లో ఆమె భర్త కూడా ఉన్నాడు! అమెరికాలో రాష్ట్ర సెనేటర్ అయిన మొదటి మహిళ ఆమే.

మార్మన్ స్త్రీలంతా సవతుల మధ్య ఇంటికే పరిమితమై బతికారనుకోవడం పొరపాటు. చాలా ఇళ్లలో ఒక్కతే భార్య. మగవాళ్లు మతప్రచారానికని ఏళ్ల తరబడి వెళ్లిపోతే పొలం, పశువులు, అప్పులు అన్నీ ఆడవాళ్లే చూసుకునేవారు. అలాగని పూర్తి సమానత్వమూ కాదు: 1870 చట్టం ఓటు వేయనిచ్చింది గానీ పదవికి పోటీ చేయనివ్వలేదు.