వేసవి నువ్వుకు అదును ముందు, ఎరువు తర్వాత

నాయనా,

రసాయన ఎరువులు, మందులు లేకుండా వేసవి నువ్వు వేస్తానని, ఎకరాకు ఎన్ని ట్రాక్టర్ల ఎరువు తోలాలని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు ఎప్పుడు విత్తుతావో తేల్చుకో. నువ్వులో అదును తప్పితే ఏ ఎరువూ ఆ లోటు పూడ్చదు.

మన దగ్గర జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు మంచి సమయం. సంక్రాంతి దాటినా రాత్రిళ్లు చలి గట్టిగా ఉంటే నాలుగు రోజులు ఆగు. చల్లటి నేలలో గింజ సరిగా మొలవదు, మొలిచినా గిడసబారిపోతుంది. అలాగని ఫిబ్రవరి సగం దాటనివ్వకు. ఇది 80 నుంచి 90 రోజుల పంట. ఆలస్యం చేస్తే పూత ముదురు ఎండల్లో రాలిపోతుంది, కోత అకాల వానలకు దొరికిపోతుంది. యూరియా వేసేవాళ్లు వెనకబడిన పైరును కాస్త తొందరపెట్టగలరు. నీ ఎరువు మెల్లగా అందేది, నీకు ఆ వెసులుబాటు లేదు.

ఇక ఎరువు. బాగా మాగిన పశువుల ఎరువు ఎకరాకు 4 టన్నులు ఆఖరి దుక్కిలో వేసి కలియదున్ను. ముందు పంట మినుమో పెసరో అయితే కొంచెం తగ్గించినా ఫర్వాలేదు. తోలే ముందు కుప్ప లోపలికి చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి చూడు. వేడి తగిలినా, పేడ వాసన వచ్చినా, గడ్డిపోచలు ఇంకా గడ్డిపోచల్లాగే కనిపించినా అది మాగలేదని అర్థం. అలాంటిది వేస్తే చెదలు, కలుపు నువ్వే తెచ్చిపెట్టుకున్నట్టు. మాగిన ఎరువుతోపాటు ఎకరాకు వేపపిండి 100 కిలోలు చాలు. నూనె గింజ కాబట్టి గంధకం కావాలి, అందుకు గనుల్లో తీసిన జిప్సం వాడు. ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఫాస్ఫోజిప్సం నీ సాగుకు పనికిరాదు.

ఎక్కువ వేస్తే ఎక్కువ పండుతుందనే ఆశ మాత్రం పెట్టుకోకు. నత్రజని ఎక్కువైతే చెట్టు ఏపుగా పెరుగుతుంది, కాయ పట్టదు. లేత ఆకుకు రసం పీల్చే దీపపు పురుగులు చేరతాయి, అవే వెర్రి తెగులును మోసుకొస్తాయి. ఆ తెగులు వచ్చిన మొక్కకు పువ్వు ఉండాల్సిన చోట చిన్న చిన్న పచ్చటి ఆకులు గుత్తిగా వస్తాయి. దాన్ని బాగుచేయలేం. కనిపించిన రోజే పీకి కాల్చెయ్యి.

విత్తనం ఎకరాకు 2 నుంచి 2.5 కిలోలు సరిపోతుంది. కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించు, అది తెగుళ్లను ఆపే మేలు చేసే శిలీంధ్రపు పొడి. గింజ మరీ చిన్నది కాబట్టి మూడింతల పొడి ఇసుక కలిపి గొర్రుతో వెయ్యి. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు ఉండాలి, గింజ 2, 3 సెంటీమీటర్ల కంటే లోతుకు పోకూడదు. ముందే తడి పెట్టి, నేల కాస్త ఆరి పదునుకు వచ్చాక విత్తు. విత్తాక నిండా నీళ్లు పెడితే పైమట్టి గట్టిపడి మొలక బయటికి రాలేదు. నువ్వుకు నీళ్లు నిలవడం అసలు పడదు.

15 రోజులకు పలుచన చేసి మొక్కల మధ్య 15 సెంటీమీటర్లు ఉంచు. ఆ తర్వాత తడితోపాటు జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి పులియబెట్టిన ద్రావణం) ఎకరాకు 200 లీటర్లు పారించు, పూతకు ముందు మరోసారి. పూత, కాయ, గింజ నిండే దశల్లో బెట్ట రానివ్వకు. మొదటి నెలంతా కలుపు మీద కన్నుండాలి.

పలుచన పని కూలీలకు చెప్పేసి గట్టు మీద కూర్చోకు. పచ్చగా ఉన్న మొక్కను పీకడానికి ఎవరికీ చెయ్యి రాదు, ఒత్తుగా వదిలేస్తారు. మొదటి నాలుగు సాళ్లు నువ్వే దిగి చేసి చూపించు. ఆ రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న