తాత కోపం మనవడికి వచ్చిందా?

ప్రశ్న: సొంతూరు కడప దగ్గర, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మా బాబుకి ఎనిమిదేళ్లు. స్కూల్ బస్సు ట్రాఫిక్ దాటుకుని ఐదున్నరకి దింపుతుంది, దిగినప్పట్నుంచీ చిరాకే. మొన్న అన్నం కంచం విసిరేశాడు, అచ్చం మా మామగారిలా. ఆయనా మాతోనే ఉంటారు. అత్తయ్య "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంటారు. ఉమ్మి పంపిస్తే పిల్లల స్వభావం చెప్పే డీఎన్ఏ టెస్ట్ ఉందట, చేయిద్దామని మావారు. చేయించాలా?

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బు దాచుకోండి.

మీ ఉత్తరంలో అసలు మాట "ఆయనా మాతోనే ఉంటారు" అన్నది. మామగారు మీవాడికి జన్యువులూ ఇచ్చారు, కంచం ఎలా విసరాలో రోజూ కళ్లెదుట చూపిస్తున్నారు కూడా, ఇక ఏది దేని పనో ఒక్క ఇంటిని చూసి ఎవరు విడదీస్తారు? అందుకే శాస్త్రవేత్తలు, జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్నీ సగమే కలిసే కవలల్నీ పోల్చి చూద్దామని కవలల వెంట పడ్డారు. 50 ఏళ్ల కవల అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క కడితే, రకరకాల లక్షణాల్లో మనుషుల మధ్య ఉండే తేడాల్లో సగటున 49 శాతం జన్యువుల వల్ల అని తేలింది. అలాగని మావాడి కోపంలో సగం తాతది అనుకునేరు! అది జనం మొత్తం మీద వేసిన లెక్క, ఒక పిల్లాణ్ణి కొలిచే టేపు కాదు. కోపానికంటూ ఒక జన్యువు లేదు. ఎన్నో చోట్ల చిన్న చిన్న తేడాలు, ఒక్కోదాని ప్రభావం చిటికెడు. ఉమ్మి చూసి జాతకం చెప్పడం అందుకే కుదరదు.

అత్తయ్యగారికి మాత్రం ఫినైల్‌కీటోన్యూరియా గురించి చెప్పండి (నోరు తిరక్కపోతే పీకేయూ అనండి). ఒక్క జన్యువు పాడైతే వచ్చే జబ్బు. ప్రొటీన్లలో ఉండే ఫినైలలనిన్ అనే పదార్థం ఒంట్లో పేరుకుపోయి మెదడు దెబ్బతింటుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి కనిపెట్టి, ఆహారం కట్టడి చేస్తే ఆ పిల్లలు అందరిలాగే చదువుకుంటారు. జన్యువు అలాగే ఉంటుంది, కంచంలో పెట్టేది మారుతుందంతే.

మీవాడు ఎప్పుడెప్పుడు విసురుతున్నాడో ఓ వారం క్యాలెండర్ మీద రాయండి. నా అనుమానం ఆకలి మీద. బస్సు దిగగానే ఓ అరటిపండు చేతిలో పెట్టి చూడండి. మామగారితో మీవారినే మాట్లాడమనండి, కోడలు చెబితే ఇంకో కంచం ఎగురుతుంది. స్కూల్లోనూ కొడుతున్నాడంటే మాత్రం ఆలస్యం చేయకండి, మీ బెంగళూరులోనే నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థలో పిల్లల విభాగం ఉంది.

ప్రశ్న: జీన్ ఎడిటింగ్‌తో (అదే, జన్యువుల్ని కత్తిరించి మార్చడం) కోపం లేని, ఐఐటీ ర్యాంకు కొట్టే పిల్లల్ని కనేయొచ్చు కదా సార్, తప్పేంటి? – ఎలక్ట్రానిక్ సిటీ పీజీ నుంచి ఒక కుర్రాడు

జవాబు: కోపం వెనక ఉండే జన్యువుల్లో ఏది కత్తిరిస్తావు నాయనా, ఒకటా రెండా? 2018లో చైనాలో హే జియాన్‌క్వీ అనే శాస్త్రవేత్త, హెచ్ఐవీ సోకకుండా ఉండాలని పిండాల్లో సీసీఆర్5 అనే జన్యువును మార్చి కవల ఆడపిల్లల్ని పుట్టించాడు. తండ్రికి హెచ్ఐవీ ఉన్నా పిల్లలకు రాకుండా చూసే పద్ధతులు అప్పటికే ఉన్నాయి, పైగా మార్పు అనుకున్నట్టు కుదరనూ లేదు. కోర్టు మూడేళ్ల జైలు వేసింది. ఆ పిల్లల్ని ఎవరడిగారు?

వైద్యం వేరే సంగతి. సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) రోగి ఒంట్లో రక్తాన్ని తయారుచేసే మూలకణాలను బయటికి తీసి, క్రిస్పర్ అనే జన్యువుల కత్తెరతో మార్చి తిరిగి ఎక్కించే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ అనుమతిచ్చింది. ఆ మార్పు ఆ మనిషితోనే ఆగుతుంది. పిండంలో చేస్తే మనవళ్ల దాకా పోతుంది, మన దేశంలో 2019 మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి.

నా భయం ఇంకొకటి. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లో చట్టం చేసుకోవాల్సి వచ్చిన దేశం మనది. రంగు, ఎత్తు, ర్యాంకు అని మెనూ కార్డు చేతికిస్తే ఏమేం టిక్కు పెడతారో, ఈసారి ఇంటికెళ్లినప్పుడు మీవాళ్లనే అడిగి చూడు.