బంతి పైన ఆగినప్పుడు త్వరణం ఎంత?

ప్రశ్న: సార్, నిట్టనిలువుగా పైకి విసిరిన బంతికి గరిష్ఠ ఎత్తు దగ్గర వేగం సున్నా అని ఒప్పుకుంటాను. మరి ఆగిపోయిన బంతికి త్వరణం, అంటే వేగం మారే రేటు, 9.8 ఉంటుందని ఎలా అంటారు? పరీక్షలో సున్నా అని రాస్తే మార్కు పోయింది.
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, తెనాలి

జవాబు: మార్కు పోయిందని బాధపడకమ్మా. అర్థం కాకుండానే 9.8 అని రాసేసిన జవాబు కంటే నీ ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది.

క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఒకటి అడిగేవాణ్ణి. పైన వేగమూ లేక, త్వరణమూ లేకపోతే బంతి ఏమవ్వాలి? ఉన్న వేగం సున్నా, దాన్ని మార్చేదేమీ లేదు. ఇక అది గాల్లో అలాగే ఉండిపోవాలి. కిందికి వస్తోందంటే అక్కడ త్వరణం ఉన్నట్టే కదా!

లెక్క తేలిగ్గా ఉండటానికి గురుత్వ త్వరణం, అంటే భూమి లాగడం వల్ల వచ్చే త్వరణం, 9.8కి బదులు 10 అనుకుందాం. సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని పైకి విసిరావు. పై దిశను ప్లస్ అనుకుంటే, సెకను సెకనుకూ దాని వేగం 20, 10, 0, −10, −20. ప్రతిసారీ 10 తగ్గింది. సున్నా దగ్గరికి వచ్చిందని ఆ తగ్గడం ఆగలేదు. ఇంకా దగ్గరికి వెళ్లి చూడు. పైకి చేరడానికి 0.1 సెకను ముందు వేగం +1, చేరిన 0.1 సెకను తర్వాత −1. అంటే 0.2 సెకన్లలో 2 మారింది. భాగించు, మళ్లీ 10 వస్తుంది.

ఎక్కేటప్పుడు త్వరణం మైనస్ అనీ, దిగేటప్పుడు ప్లస్ అనీ ఒకే లెక్కలో మార్చి రాసే అలవాటుంటే ఈ రోజే మానెయ్యి. దిశ ఒకసారి ఎంచుకున్నాక చివరిదాకా అదే గుర్తు. భూమి ఎప్పుడూ కిందికే లాగుతుంది.

మరి కంటికి ఆగినట్టు ఎందుకు కనిపిస్తుంది? మన బంతి 20 మీటర్ల ఎత్తుకు వెళ్లి, 4 సెకన్లలో తిరిగొస్తుంది. అందులో 2 సెకన్లు పై 5 మీటర్లలోనే ఉంటుంది. గాల్లో ఉన్న సమయంలో సగం పై పావు భాగంలోనే గడుస్తుందన్నమాట! ఇక పై కొసకు అటూ ఇటూ ఆ 0.2 సెకన్లలోనైతే 5 సెంటీమీటర్ల కిందికి కూడా దిగదు. అంత దూరం నుంచి ఆ కాస్త కదలికను మన కన్ను పట్టుకోలేదు.

గాలిని కూడా లెక్కలోకి తెస్తే సంగతి ఇంకా అందంగా ఉంటుంది. ఎక్కేటప్పుడు గాలి నిరోధం కిందికి పనిచేస్తుంది కాబట్టి త్వరణం 9.8 కంటే ఎక్కువ. దిగేటప్పుడు పైకి పనిచేస్తుంది కాబట్టి తక్కువ. పైన వేగం లేదు, కాబట్టి ఆ నిరోధమూ లేదు. నువ్వు సున్నా రాసిన ఆ ఒక్క చోటే 9.8 సరిగ్గా మిగులుతుంది.

దీని మీద నీకొక ప్రశ్న: గాలి నిరోధం ఉంటే బంతి ఎక్కడానికి ఎక్కువ సమయం పడుతుందా, దిగడానికా? కారణంతో సహా రాసి పంపు.